కంప్యూటరుకి విసనకర్ర

బందరులో మా కోడలు పెళ్ళికార్డులు తయారుచేసే గదికి రేకుల కప్పు. రోహిణి కార్తెలో ఒకరోజు ఆమె కంప్యూటరు మధ్యాహ్నానికే మూడుసార్లు వేడెక్కి ఆగిపోయింది. చల్లపల్లి వాళ్ళ కార్డు సాయంత్రంలోగా ప్రెస్సుకి పంపకపోతే వాళ్ళు వేరేవాళ్ళ దగ్గరికి పోతారు. ఆ ఇంట్లో పెళ్ళికి ఇంకా ముగ్గురున్నారు.

మా తమ్ముడికి ఫోన్ చేశాం. వాడు కృత్తివెన్నులో రొయ్యల చెరువులకి ఏరియేటర్లు, అంటే నీళ్ళు చిలికి గాలి అందించే చక్రాలు, బిగిస్తాడు. ఆ రోజు గుడివాడలో ఉన్నాడట. అక్కడే ఐదు కంప్యూటరు ఫ్యాన్లు కొనుక్కుని వచ్చేశాడు. కంప్యూటరు పెట్టెని మంచం మీద పడుకోబెట్టి మూత విప్పాడు. లోపల బోర్డు మీద ఫ్యాను తగిలించే చోటు ఒక్కటే ఖాళీగా ఉంది.

"ఐదింటి తీగలూ కోసి దీనికే మెలేస్తా," అని కత్తెర తీశాడు.

"ఐదూనా బాబాయ్ గారూ?" అంది కోడలు.

"చెరువులో పదహారు తిప్పేవాణ్ణమ్మా. ఇవి అరచేతంత లేవు."

నాకు అక్షరాలు వచ్చింది యాభై ఎనిమిదో ఏట. నేర్పింది కోడలే. కీబోర్డు చూపించి ఇంగ్లీషు అక్షరాలు కూడా గుర్తుపట్టించింది. అప్పటినుంచి సబ్బు కాగితమైనా సరే, చదవకుండా పారెయ్యను. ఫ్యాను వీపు మీద 0.3 ఏ అని ఉంది. బోర్డు తాలూకు పుస్తకంలో ఆ చోటు పక్కన 1 ఏ అని ఉంది.

"ఈ ఏ ఏంట్రా?"

"ఆంపియర్లు. కరెంటు కొలతలే. నువ్వు కాస్త మజ్జిగ ఇవ్వక్కా."

"ఐదూ కలిపితే ఒకటిన్నర కావాలి. ఇది ఒకటే ఇస్తానంటోంది."

"ఓనమాలు దిద్ది రెండేళ్ళు కాలేదు, అప్పుడే ఇంజనీరువి అయిపోయావ్!"

"మరి నీ పదహారు చక్రాలకీ ఒకే సన్న తీగ లాగుతావా?"

"అలా ఎలా లాగుతానే? కాలిపోదూ? దేని లైను దానికే..." అంటూ కత్తెర కింద పెట్టాడు. మజ్జిగ మళ్ళీ అడగలేదు.

కోడలు ఫోన్లో వెతికింది. హబ్ అని ఒకటి ఉంటుందట. ఫ్యాన్లన్నీ దానికి తగిలిస్తే, కరెంటు నేరుగా పవర్ సప్లై నుంచి వస్తుంది. వేగం ఎంతో చెప్పడానికి మాత్రం బోర్డు నుంచి ఒక్క తీగ చాలు. అది తేవడానికి తమ్ముడు బండెక్కాడు.

"వచ్చేదాకా మీరు విసరండి అత్తయ్యా, నేను పని ఆపలేను," అంది కోడలు.

విసనకర్ర పట్టుకుని మంచం పక్కన కూర్చున్నాను. వీధిలోకి మంచం అంచూ నేనూ మాత్రమే కనబడతాం, పెట్టె కనబడదు. ఎదురింటావిడ కిటికీ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది.

"ఎవరికండీ? జ్వరమా?"

"ఒళ్ళు కాలిపోతోందండీ. పొద్దుటినుంచి మూడుసార్లు ఆగిపోయింది."

"అయ్యో, ఊపిరే!" అంటూ, నేను మళ్ళీ నోరు తెరిచేలోగా పరుగెత్తింది.

తమ్ముడు హబ్ తెచ్చి బిగించాడు. ఐదు ఫ్యాన్లూ ఒక్కసారే తిరిగాయి. కార్డు నాలుగున్నరకి వెళ్ళింది. కంప్యూటరు మళ్ళీ ఆగలేదు.

అప్పుడొచ్చింది ఎదురింటావిడ, కొబ్బరిబోండాంతో. మంచం మీద ఉన్నదాన్ని చాలాసేపు చూసింది.

"తగ్గిందండీ," అన్నాను.

"మరి ఇది?" అంది బోండాం చూపిస్తూ.

తమ్ముడు చెయ్యి చాపాడు. విసిరింది నేను కనక నేనే తాగాను.