విభూతి మింగిన మీటరు

తిరుచానూరు దారిలో ఒక టైల్సు ఫ్యాక్టరీలో మిషన్లు చూసుకునే రోజులవి. ఆయిలు ఒత్తిడితో టైల్సు అచ్చొత్తే హైడ్రాలిక్ ప్రెస్సు మాకున్నది ఒకే ఒక్కటి. పొద్దున ఆంబోతులా దూకేది, ఎండెక్కితే మోకాళ్ల మెట్ల దగ్గర ముసలాయనలా చతికిలబడేది. బ్రహ్మోత్సవాలకు తెరవాల్సిన లాడ్జి ఒకటి మా టైల్సు కోసం నేలంతా నోరు తెరుచుకుని ఉంది.

దానికి ఆయిలు తోసే పంపు అరిగిందని నేను. కాదు, ఆయిలు కారకుండా ఆపే రబ్బరు సీళ్లు పోయాయని యజమాని. సీళ్లు చవక, ఆయన ఇంజనీరింగంతా అదే. పంపు ఎంత ఆయిలు తోస్తోందో కొలిస్తే తగువు తీరుతుంది.

గేర్ల మీటరు తెప్పించండి అన్నాను. ఆయిలు చిక్కగా ఉన్నా పలచగా ఉన్నా లోపలి పళ్ల చక్రాలు దాన్ని కొలిచి కొలిచి వదులుతాయి. ఆయన మద్రాసు నుంచి గాజుగొట్టం మీటరు మోసుకొచ్చారు.

"కంటికి కనపడాలప్పా! మూసిన డబ్బాలో ఏం జరగతా ఉండాదో ఎవురు సూసినారు?"

అది నీళ్లకు గీతలు గీసిన మీటరు, చిక్కదనం మారితే లెక్క తప్పుతుంది. పొద్దున ఆయిలు సంకటిలా ఉంటే లోపలి గుండు ఆకాశానికెగిరేది. మధ్యాహ్నం చారులా మారితే కూలబడేది. నిజంగా పంపు నీరసించిందో, గుండు అబద్ధమాడుతోందో బ్రహ్మదేవుడు దిగొచ్చినా చెప్పలేడు.

"పొద్దున బాగుండి మద్యానం పడకేసేదానికి అది పంపా, మా బామ్మర్దా?" అన్నారు యజమాని.

నేను పోరగా పోరగా గేర్ల మీటరు వచ్చింది. నలుసు పడితే చాలు, దానికి ప్రాణం పోతుంది. అందుకని ఆయిలంతా గుడ్డలో వడకట్టి, టీ తాగి వచ్చాను. చూద్దును గదా, ఆయిలు టాంకు మూత తెరిచి, కాణిపాకం విభూతి పొట్లం అందులో దులుపుతున్నారు యజమాని.

"కొత్త మీటరు గదప్పా, దిష్టి తగలకుండా!"

స్విచ్చి వేశాం. విభూతి జల్లెడ దాటి గేర్లలో ఇరుక్కుంది. ఆయిలుకు దారి మూసుకుపోయి, ప్రెస్సు గాల్లోనే నిలబడిపోయింది. ఒత్తిడి మితిమీరితే తెరుచుకునే రిలీఫ్ వాల్వు పెట్టిన కేక చిత్తూరు దాకా వినబడి ఉంటుంది.

"నడిచే ప్రెస్సును నిలబెట్టినావు గదప్పా నీ మీటరుతో!"

పళ్లు నూరుకుంటూ మీటరును కిరోసిన్‌లో కడిగాను, ఆయిలు మార్చాను. మరునాడు పొద్దున మీటరు ముల్లు బాగానే లేచింది. మధ్యాహ్నానికి సగానికి పడింది. పంపే దొంగ! యజమాని ముల్లుకేసి చేతులు జోడించారు.

"సామి విభూతి పడినాకనే గదా నిజం బయటపడె!"

కొత్త పంపు బిగించిన రోజు ఆయన చెయ్యి జేబులోకి పోవడం చూశాను. పరుగున పోయి టాంకు మూత మీద కూర్చున్నాను.

"లెయ్యప్పా, ఒక్క సిటికెడే!"

లేవలేదు. లాడ్జికి ఆఖరి టైలు పోయేదాకా అదే నా కుర్చీ.