మొదటి పిలుపు

మిషనమ్మకి టీవీ అంటే చూసేది కాదు, వినేది. వెలుతురు కోసం కుట్టుమిషను కిటికీ దగ్గర పెట్టుకుంది, టీవీ ఏమో వెనక గోడకుంది. వీధి వీధంతా ఆవిడ దగ్గరే బట్టలు కుట్టించుకోవడంతో అసలు పేరు ఎప్పుడో అరిగిపోయింది. సాయంత్రం సీరియల్ మొదలైతే కోడలు కుర్చీలో కాళ్లు ముడుచుకుని కూర్చుంటుంది. కొడుకు ఫోను చూస్తున్నట్టు నటిస్తూ సీరియలే చూస్తాడు. ఈవిడ మాత్రం కళ్లు సూదికీ చెవులు సీరియల్‌కీ అప్పగించి కుట్టుకుంటూ ఉంటుంది.

ఈమధ్య ఇంట్లోవాళ్లకి ఆవిడ మీద ఒక బెంగ పట్టుకుంది. కోడలు "అత్తయ్యా" అంటే మొదటి పిలుపుకి ఏనాడూ పలకదు. రెండోసారి పిలిస్తే ఉలిక్కిపడి చూస్తుంది. దానికి తోడు మొన్న ఎవరిదో చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టి కూర్చుంది.

"అమ్మా, ఇంక చాల్లే. ఒకసారి డాక్టరుకి చూపిద్దాం. ఆ మిషను కూడా ఎవరికైనా ఇచ్చేద్దాం" అన్నాడు కొడుకు. ప్రేమగానే అన్నాడు మహానుభావుడు, అందుకే ఇంకా మండింది. మిషనమ్మలోంచి మిషను తీసేస్తే మిగిలేది వట్టి అమ్మే కదా.

ఆ సాయంత్రం సీరియల్లోని ఇంటికి ఒకావిడ పెట్టె పట్టుకుని దిగింది. "నేను ఈ ఇంటి కోడల్ని" అంది. ఇంతకాలం ఆ ఇంట్లో "అత్తయ్యా, అత్తయ్యా" అంటూ చాకిరీ చేస్తున్న పిల్ల నెమ్మదిగా, "నేను కోడల్నని ఎప్పుడన్నాను? అత్తయ్య మా నాన్న చెల్లెలు" అంది.

కోడలు నోరెళ్లబెట్టింది. కొడుకు ఫోను పక్కన పడేశాడు. "అబ్బ, కథ ఏం తిప్పాడే. ఒక్క మాటతో ఇన్నాళ్లూ మనల్ని వెర్రివాళ్లని చేశాడు" అన్నాడు.

మిషనమ్మకి ఒక్క ముక్క అర్థం కాలేదు. తిప్పడం ఏమిటి, ఎటు తిప్పాడు? మేనత్తని మేనకోడలు అత్తయ్య అంది, ఇందులో వింతేముంది? వీళ్లందరికీ కనబడిందేదో తనకి కనబడలేదు. కొడుకు చెప్పింది నిజమేనేమో, బుర్ర నిజంగానే పాడవుతోందేమో అని భయం పట్టుకుంది. "అవునవును, భలే తిప్పాడు" అని తనూ ఒక మాట పడేసి దారం ఎక్కించబోయింది. సూది బెజ్జం దొరికితేగా.

ఇక ఉండబట్టలేక, ఏమైతే అదే అయిందని అడిగేసింది. "ఒరేయ్, ఆ పిల్ల మేనకోడలని మీకు ఇప్పుడే తెలిసిందా?"

"నీకు ముందే తెలుసా?"

"మొదటిరోజు నుంచీ. అత్తయ్య అంటే మేనత్త కాక ఇంకెవరు?"

"ఆ అత్తయ్య కొడుకు ఫొటో ముందు రోజూ నిలబడేది కదమ్మా. మొగుడనుకున్నాం."

"ఫొటోనా? నాకేం తెలుసురా, నేను ఎప్పుడు చూశాను గనక."

తల్లి పోతే మిషనమ్మని చిన్నప్పట్నుంచీ పెంచింది మేనత్తే. కత్తెర పట్టడం నేర్పింది ఆవిడే. ఆవిడ పోయాక మిగిలిన ఈ మిషనూ ఆవిడదే. మిషనమ్మ ఈ లోకంలో మొదట నేర్చిన మాట అమ్మ కాదు, అత్తయ్య.

కోడలు టీవీ గొంతు తగ్గించింది. "మరి నేను రోజూ అత్తయ్యా అంటే?"

మిషనమ్మ సిగ్గుపడింది. "నవ్వకూడదు మరి. నువ్వు పిలవగానే మా అత్తయ్య వచ్చిందేమోనని వాకిలి వైపు చూస్తాను. మళ్లీ పిలిస్తే అప్పుడు గుర్తొస్తుంది, ఓహో, నేనే కదా అని."

ఎవరూ నవ్వలేదు. డాక్టరు మాట, మిషను మాట కొడుకు మళ్లీ ఎత్తలేదు. ఆ రెండు ఎడమ చేతుల సంగతి మాత్రం ఎంత ఆలోచించినా ఎవరికీ అంతుబట్టలేదు, ఆవిడకి అసలే అంతుబట్టలేదు.

మర్నాడు వంటింట్లోంచి కోడలు పిలిచింది. "అత్తయ్యా."

మిషనమ్మ వాకిలి వైపు చూసింది. కోడలు రెండోసారి పిలవలేదు. గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడి, వాకిట్లోకొచ్చిన ఆ మేనత్త వెళ్లేదాకా ఆగింది.

"ఆఁ, వస్తున్నా" అంది మిషనమ్మ.