సముద్రపు గాలి రాకముందు

మొన్న మధ్యాహ్నం మా అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ స్థలంలో ఎవరో ఎండుటాకులు పోగేసి అంటించారు. పక్కింటావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని కిటికీలు మూస్తుంటే, నేను మేడ మీదికి పరుగెత్తి, తీగ మీద ఆరేసిన చీర ఎటు ఎగురుతోందో చూశాను. "మంట అక్కడుంటే చీర వంక చూస్తారేంటండీ!" అని ఆవిడ ఒకటే నవ్వు. నవ్వదూ మరి, మా మావయ్యగారి సంగతి ఆవిడకేం తెలుసు.

మావయ్యగారంటే మా వారి నాన్నగారు. నల్లమలలో ఫారెస్టు రేంజరుగా చేసి, తొంభైల చివర్లో రిటైరై, మార్టూరుకి తూర్పున ఉన్న మా ఊరు చేరారు. ఊళ్ళో ఆయన పేరుతో ఎవరికీ పనిలేదు, రేంజరుగారంటే చాలు. కార్చిచ్చు రేగితే మనుషుల్ని వెంటేసుకుని వెళ్ళి ఆర్పడం ఆయన ఉద్యోగం. ఎడమ మోచేతి మీద దానికి గుర్తుగా ఇంత మచ్చ. అన్నానికి కూర్చుంటే చాలు, అవే కబుర్లు. పెద్ద మంట వస్తుంటే దాని దారిలో మనమే ఇంకో మంట పెట్టాలట. అది ముందుగానే గడ్డినంతా తినేస్తే, పెద్దదానికి తినడానికేం మిగలక చస్తుందట. ఎదురుమంట అనేవారు దాన్ని. "చారు చల్లారిపోతోంది, ఆ మంటేదో త్వరగా ఆర్పండి" అనేవారు అత్తయ్యగారు. నన్ను నిద్రలో లేపి అడిగినా ఆ కథ పొల్లుపోకుండా చెప్పేదాన్ని.

మిరపకాయ ఎండే రోజులంటే నాకు మొదట్నుంచీ గుండెల్లో దడే. ఏడాది కష్టమంతా ఆకాశం కింద కల్లంలో ఎర్రగా పరిచి ఉంటుంది, అది గలగలలాడేలా ఎండుతున్నకొద్దీ బీడీ తాగేవాడెవడు కనిపించినా గుబులు. పైగా చేలల్లో పత్తి కట్టె పీకి తగలబెట్టే కాలం కూడా అదే. ఆ ఏడు మావయ్యగారి మనసు ఏదో కీడు శంకించింది. కల్లం చుట్టూ గడ్డి చెక్కించిన చోటే మళ్ళీ చెక్కించేవారు. ముద్ద నోటిదాకా తెచ్చి, ఆగి, గాలి వాసన చూసేవారు. ఏంటండీ అంటే ఏం లేదులే అనేవారు.

ఒకరోజు ఎండ నడినెత్తి దాటాక ఆ పొగ రానే వచ్చింది. మా కల్లానికి పడమట ఓ బీడు చేను, నిండా ఎండుగడ్డి. దాని అవతల ఎవరో మహానుభావుడు పత్తి కట్టెకి నిప్పంటించి తన దారిన తాను పోయాడు. పడమటి గాలికి మంట బీడులోకి ఎక్కి మా వైపు నడిచింది. ఊరు ఊరంతా వేపకొమ్మలు విరుచుకుని పరుగెత్తుకొచ్చింది. అందరికన్నా ముందొచ్చింది ఓ కౌలు రైతు, ఆదివారాలు చర్చిలో పాడే మనిషి, ఖంగుమనే గొంతు. అతని కల్లం బీడుకి అవతలి మూలన, మంటకి వెనకవైపున ఉంది. "మాదానికేం కాదులేమ్మా, ముందు మీది చూడండి!" అంటూ దిగాడు.

"ఏం చెయ్యమంటారు రేంజరుగారూ?" అని నలుగురూ అడిగారు. ఆయన గొంతులో తడబాటే లేదు. "ఎదురుమంట పెట్టాల్సిందేరా. మీరంతా కల్లం వైపు కాపు కాయండి" అని అగ్గిపెట్టె తీశారు.

సరిగ్గా అప్పుడే, కాయ కాపలాకి కల్లంలో వేసుకున్న గుడారం తాడు మీద ఆరేసిన నా చీర చప్పున కిందికి వాలిపోయింది. నేను సముద్రం ఒడ్డునున్న కొత్తపట్నం పిల్లని. ఉన్న గాలి అలా పడిపోయిందంటే సముద్రపు గాలి బయల్దేరిందని చిన్నప్పట్నుంచీ ఎరుగుదును. "మావయ్యగారూ, ఆగండి!" అని అరిచాను. అప్పటికే అంటించేశారు.

చీర మళ్ళీ లేచింది, ఈసారి పడమటి వైపుకి. పెద్ద మంట వెనక్కి తిరిగి, తను కాల్చిన నేల మీదే చల్లారిపోయింది. మేం పెట్టిందే, కాలకుండా మిగిలిన పక్కనించి గడ్డిని పట్టుకుని, అతని కల్లం ఉన్న ఆ మూలకి పోయింది. అందరం అటు పరుగెత్తాం. పోపులో ఒక్క ఎండుమిరపకాయ మాడితేనే ఇల్లంతా దగ్గుతుంది కదా, కల్లానికి కల్లం అంటుకుంటే దగ్గరికి వెళ్ళేదెవరు? అతనొక్కడూ ఆ పొగలోకి దూరాడు. లోపల్నించి దగ్గు వినబడుతుంటే నలుగురు కళ్ళు మూసుకునే వెళ్ళి లాక్కొచ్చారు. చేతిలో వేపకొమ్మ అలాగే ఉంది. "నేనే కదండీ ఇందాక ఏం కాదన్నాను" అన్నాడు మావయ్యగారితో, ఆయన్ని ఓదారుస్తున్నట్టు. ఆయన మొహం వంక చూడలేకపోయాను.

మా కల్లంలో సగం కాయ అతనికి పోయించారు. అత్తయ్యగారు ఒక్క మాట అడ్డు చెప్పలేదు. పై ఏడు అతను కౌలు మానేసి మార్టూరులో రాళ్ళ పాలిష్ పనికి పోయాడు. ఆదివారం పూట చర్చి మైకులో వేరే ఎవరిదో గొంతు వినబడేది. అతని గొంతు ఆ పొగలోనే ఉండిపోయింది.

మావయ్యగారు మళ్ళీ అగ్గిపుల్ల గీయలేదు. పూజ దగ్గర దీపం కూడా నన్నే వెలిగించమనేవారు. అత్తయ్యగారు పొగలు కక్కే చారు పోసి, "ఏదైనా చెప్పండి, వింటాం" అని బతిమాలినా అడవి ఊసెత్తేవారు కాదు. మధ్యాహ్నమయ్యేసరికి మేడ మీద బట్టల తీగ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవారు. గాలి తిరిగాక, "వచ్చిందమ్మాయ్" అని నాతో చెప్పి కిందికి దిగేవారు. పోయేదాకా అంతే. ఆ రోజు ఆయన ఆగలేకపోయింది ఒక చీర వాలి లేచేంత సేపు. తర్వాత బతికిన ఏళ్ళన్నీ ఆ కాసేపే కూర్చుని ఆగారు.