పసుపు కడాయిలో దక్షిణ ధ్రువం

తొంభైల మొదట్లో నేను ఆర్మూర్ హైస్కూల్లో సైన్స్ చెప్పేవాణ్ణి. ధ్రువాల మంచు కరిగితే సముద్రమట్టం పెరుగుతుందని, శాస్త్రవేత్తలు కంప్యూటర్లలో ఆ మంచుకు నమూనాలు కట్టి లెక్కలు వేస్తున్నారని ఒక ఎండాకాలం రేడియోలో విన్నాను. పసుపు మార్కెట్ ముందర షర్బత్ బండి దగ్గర అదే సంగతి నలుగురికీ చెబుతున్నాను.

నా భార్య తమ్ముడు అక్కడే ఉన్నాడు. అంకాపూర్‌లో పసుపు, మక్కజొన్న పండిస్తాడు. పొద్దున మీసానికి నూనె రాసుకున్నాకే పశువులకు గడ్డి వేసే మనిషి. అంచుదాకా నిండిన షర్బత్ గ్లాసు ఎత్తి పట్టాడు. అందులో మంచుముక్క తేలుతోంది.

"సూడు బావా, గిది కరిగినంక ఒక్క సుక్క కింద పడుతదేమో."

కరిగింది. చుక్క పడలేదు. హమాలీలు నన్ను చూసి నవ్వారు.

"తేలే మంచు వేరురా. దక్షిణ ధ్రువంల మంచు నేల మీద ఉంటది. అది నీళ్ళలకు దిగితే మట్టం పెరుగుతది."

"అయితే సూపెట్టు. పెరిగితే నా మీసం గీకిస్త. పెరగకుంటే నీది."

నాది చెప్పుకోదగ్గ మీసం కాదు. కానీ అది కూడా లేకుండా బడికి ఎట్లా పోవాలి?

ఆదివారం వాళ్ళ పెరట్లో ఏర్పాటు చేశాం. పసుపు ఉడకబెట్టే ఇనుప కడాయి సముద్రం. మధ్యలో నీళ్ళ పైకి కనబడే బండరాయి దక్షిణ ధ్రువం. నీటి అంచున బొగ్గుతో గీత గీశాను. మంచు తెచ్చే పని బావమరిదిది. ఐస్ ఫ్యాక్టరీలో దిమ్మ కొని, ఊక పోసి, గోనెసంచిలో చుట్టి సైకిల్ మీద తెచ్చాడు. ఆ సంచి అంతకుముందు పసుపు కొమ్ములు మోసింది. దారిలో కరిగీ కరిగీ దిమ్మ మూలలు అరిగి, పచ్చటి ముద్దలా తయారైంది.

"మీ ధ్రువానికి కామెర్లైనయా?" అంది నా భార్య.

రంగుతో పని లేదని చెప్పి రాయి మీద పెట్టించాను. అది కరిగేలోపు చాయ్ తాగుదామని అందరం ముందు వరండాలోకి వెళ్ళాం.

తిరిగొచ్చి చూస్తే గీత మునిగిపోయింది. బావమరిది చెయ్యి మీసం మీదికి పోయింది. మంగలికి కబురు పెట్టమని నేను కేక వేశాను. అప్పుడు చూశాను, మంచు మీద కుంకుమ బొట్టు ఉంది. పక్కన గన్నేరు పువ్వు. వెనక తలుపు దగ్గర చెంబుతో మా అత్తమ్మ.

పసుపు ముద్ద కనబడితే గౌరమ్మ అని దండం పెట్టే ఊళ్ళు మావి.

"గౌరమ్మను గిట్ల ఎండల కూసుండవెడతరా అల్లుడా? పాపం, కరిగిపోతున్నది. నీళ్ళు పోసి సల్లవెట్టిన."

"ఎన్ని పోసినవే అవ్వా?" బావమరిదికి ప్రాణం లేచొచ్చింది.

"మనసునిండ పోసిన బిడ్డా."

"విన్నవా బావా? సముద్రం పెరిగింది మంచుతోని కాదు, మా అవ్వతోని!"

మిగిలిన మంచుకైనా కొత్త గీత గీద్దామని బొగ్గు తీశాను. అత్తమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "గౌరమ్మ ముంగట బొగ్గు గీతలేంది?"

ప్రయోగం రద్దయిందని ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను. రెండు మీసాలూ దక్కాయి.

తర్వాతి వారం మార్కెట్ యార్డులో పసుపు కుప్పల మధ్య ఎవరో "బావా" అన్నారు. గొంతు తెలిసింది గానీ మనిషి తెలియలేదు. పైపెదవి మీద ఎండ తగలని చర్మం పాలిపోయి ఉంది.

"ఇదేందిరా?"

"అవ్వ బాల్కొండల సుట్టాల ఇంటికి పోయింది. కొత్త సంచిల ఇంకో దిమ్మ తెచ్చి నేనే పెట్టి సూసిన. మొత్తం కరగనే లేదు బావా, జారి దబ్బున నీళ్ళల పడ్డది. పడంగనే గీత మునిగింది. కరిగినంక సూస్తే మళ్ళ పెరగలే, తగ్గలే."

"ఎవరూ చూడలేదు గదా. నువ్వు చెప్పకపోతే నాకెట్ల తెలుస్తది?"

"నేను సూసిన గద," అని పైపెదవి తడుముకున్నాడు.

ఇంతలో రైతుల పసుపు అమ్మిపెట్టే అడ్తి సేటు హడావుడిగా వచ్చి, తూకానికి పోసిన కుప్పను చూసి, అతణ్ణి ఎగాదిగా చూశాడు.

"మీసాలాయన, మీ అన్న ఏడి? కాంటా టైమైంది, జల్దీ పిలువు."

బావమరిది నా వైపు చూడకుండా అన్నాడు.

"అన్న వచ్చేసరికి నెల పడ్తది సేటూ. నువ్వు కాంటా పెట్టు."