ఆదివారాల కొలతలు

ఫిబ్రవరి పదకొండు, మంగళవారం, ఉదయం తొమ్మిది గంటల ముప్పై నాలుగు నిమిషాలు. తెనాలిలోని మా ఇంటి నుంచి, నేను లీడ్‌గా ఉన్న సాఫ్ట్‌వేర్ బృందంతో రోజువారీ మీటింగ్‌లో మాట్లాడుతున్నాను.

"సార్, మీ వాయిస్ తేడాగా వస్తోందండి. నెట్ చూసుకోండి," అన్నది బాపట్ల నుంచి పనిచేసే లావణ్య.

రౌటర్ ఆపి, మళ్లీ వేశాను. తేడా పోలేదు. మరోసారి ఆపి వేశాను. మొత్తం పద్దెనిమిది నిమిషాలు దానితోనే పోయాయి. కాఫీ తెచ్చిన నా భార్య సరళ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంటండీ, మూతి పక్కకి పోతోంది?"

"రౌటర్..." అన్నాను. మాట ముద్దగా వచ్చింది.

"రౌటర్‌కేం రోగం లేదు. ముందు లేవండి."

ఆసుపత్రిలో బీపీ 196/114. సీటీ, ఆపైన ఎమ్మారై తీశారు.

"మైనర్ స్ట్రోకండి," అన్నారు డాక్టరు గారు. "మాట తిరిగి వస్తుంది. బీపీ మళ్లీ ఇలా లేస్తే మాత్రం నేను హామీ ఇవ్వలేను. ఇదివరకు చూసుకోలేదా?"

మూడేళ్లుగా వారానికొకసారి కొలిచి డైరీలో రాస్తున్నాను. 128, 126, 130. సరళ డైరీ తెచ్చి ఇచ్చింది. డాక్టరు గారు తేదీలు పరిశీలించారు.

"అన్నీ ఆదివారాలేనే. మిగతా రోజులు?"

"ఆ వేళకి మీటింగ్ ఉంటుందండి."

"సెలవులో ఉన్న మనిషిని కొలిచారు. పనిచేసే మనిషిని వదిలేశారు."

ఆరు వారాల విశ్రాంతి రాశారు. ఇంటికి వచ్చిన తొమ్మిదో రోజున, కొత్త వెర్షన్ రిలీజ్ ఉందని మీటింగ్‌లో చేరాను. సెలవులో ఉండి కూడా హాజరు కావడం మా బృందంలో గొప్ప. ఆ ఆచారం నేను పెట్టినదే. రేపల్లెలో తల్లికి ఆపరేషన్ జరిగిన రోజున, ఆసుపత్రి వరండా నుంచి హాజరైన లావణ్యను అందరి ముందు మెచ్చుకున్నాను.

ఇప్పుడు మొదట మాట్లాడినది ఆమే.

"మీరిలా వస్తే, రేపు మాకు జ్వరమొచ్చినా మానలేం సార్. ఆ రోజు మా అమ్మని లోపలికి తీసుకెళ్తుంటే నేను మీకు స్టేటస్ చెబుతున్నానండి."

ఎడమచెయ్యి మొద్దుబారుతోంది. సరళ కుడి చేతికి బీపీ పట్టీ చుట్టింది. 172. లాప్‌టాప్ మూశాను. ఆ సాయంత్రమే మళ్లీ ఆసుపత్రికి వెళ్లి మందు మోతాదు పెంచించుకున్నాను.

ఇది నవంబరు. నేను కోరిన మీదట లీడ్ బాధ్యత లావణ్యకు ఇచ్చారు. సెలవులో ఉన్నవారు మీటింగ్‌లో కనిపిస్తే ఆమె బయటికి పంపేస్తుంది. గత నెలలో నన్ను రెండుసార్లు పంపింది.

ఇది చదివేవారికి ఒక్క మాట: బీపీని పనిరోజున కూడా కొలుచుకోండి.

పోయినవి: ఎడమ చిటికెన వేలి స్పర్శ, లీడ్ హోదా, పద్దెనిమిది నిమిషాలు.

నిలిచినవి: ఉద్యోగం, మాట, డైరీ. అందులో ఇప్పుడు మంగళవారాలు కూడా ఉన్నాయి.