సుగుణ కోసం ఉపవాసం

నా చిన్నప్పుడు, బోధన్‌లో మా ఇంటి వెనక సందులో ఒక అవ్వ ఒక్కతే ఉండేది. బతుకంతా చెరకు కొట్టిన మనిషి. మొగుడూ పిల్లలూ ఆమెకంటే ముందే పోయారు. తుంటి ఎముక విరిగాక మంచం దిగలేక, సందు చివరనున్న చర్చికి కూడా పోలేకపోయేది. మా అమ్మ రోజూ సాయంత్రం ఆమెకు రెండు జొన్నరొట్టెలు, కూర నాతో పంపేది.

గిన్నె పెట్టి పరుగెత్తుకొద్దామంటే అవ్వ వదిలేది కాదు. "ఇయ్యాల ఎవలికేం బాధున్నది, చెప్పు బిడ్డా" అని అడిగేది. నేను చెప్పినవాళ్ల కోసం ప్రార్థన చేసేది. ఎద్దు కాలు తొక్కిన బండాయన, కాన్పుకు వచ్చిన పక్కింటి అక్క, ఎవరినీ మరిచేది కాదు. మరునాడు వాళ్లకెట్లా ఉందని మళ్లీ అడిగేది. తనకు మిగిలిన పని ఇదొక్కటేనని పాస్టరుగారితో అన్నదట. నాకేమో అవతల ఆట అయిపోతుందని ప్రాణం కొట్టుకునేది.

ఒకరోజు చెప్పడానికి ఎవరూ గుర్తుకు రాలేదు. తొందరగా బయటపడాలని నోటికొచ్చింది చెప్పేశాను. చందూర్‌లో సుగుణ అనే నాలుగేళ్ల పాప ఉందని, జ్వరమొచ్చి మాట పడిపోయిందని. "అయ్యో, నా తల్లీ" అంటూ అవ్వ కళ్లు మూసుకుంది. నేను మెల్లగా జారుకున్నాను.

మరునాడు సుగుణ సంగతి అడిగితే ఇంకా అట్లాగే ఉందన్నాను. మూడో రోజూ అదే మాట చెప్పి గిన్నె అందించబోయాను. అవ్వ అందుకోలేదు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"ఇంటికి వాపసు కొండవో బిడ్డా. నిన్నటియి, మొన్నటియి పక్కింటోళ్ల బర్రెకేయించిన. ఆ పోరికి మాటొచ్చేదాక నేను తింటలేను. నీళ్లు తాగుతున్న, చాలు."

ఏడుపు తన్నుకొచ్చింది. "సుగుణ లేదవ్వా. నేనే అబద్ధం చెప్పిన."

తిడుతుందనుకున్నాను, మా బాపుకు చెబుతుందనుకున్నాను. అవ్వ నా ముఖంలోకి చూసింది. ఆమె నొచ్చుకుందని నాకు తెలుస్తూనే ఉంది. తర్వాత మెల్లగా అడిగింది.

"అంటే, ఏ పోరికి జరం లేదా?"

"లేదు."

"మాట పడిపోలేదా?"

"లేదవ్వా."

"స్తోత్రం తండ్రీ!" అని గట్టిగా ఊపిరి వదిలింది. ఆ ముడతల ముఖమంతా తేటపడింది. "మూడు దినాల సంది నా పానం ఆ పోరి మీదనే ఉన్నది. మంచిగైంది. తే, ఆకలైతున్నది."

రొట్టె తుంచి ముందు నాకో ముక్క పెట్టి, తర్వాత తను తిన్నది. తిన్నాక మాత్రం నా చెయ్యి పట్టుకుని, "ఎవలు లేకుంటే లేరని చెప్పు. నా దాక వచ్చిన పేరు నేను ఇడిసిపెట్టలేను" అన్నది.

అంతవరకు ముసలివాళ్ల ప్రార్థనంటే పొద్దుపోక చేసే గొణుగుడనుకునేదాన్ని. లేని పిల్ల కోసమే ఇంత చేసిన మనిషి, నిజంగా కష్టంలో ఉన్న మా కోసం మాకు తెలియకుండా ఇంకెంత చేసి ఉంటుందో అనిపించింది. ఆ సాయంత్రం ఆటకు పోలేదు. ఆమె మంచం పక్కనే కూర్చున్నాను.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. నిజామాబాద్‌లో ఒక్కదాన్నే ఉంటాను. మోకాళ్లు మొరాయించి చర్చికి పోలేని ఆదివారాలే ఎక్కువ. ఫోన్ చేసి ప్రార్థించమని అడిగేవాళ్లు మాత్రం ఉన్నారు. పేరు అడుగుతాను, బాధేమిటో చివరిదాకా వింటాను. నయమయ్యాక చాలామంది చెప్పడం మరిచిపోతారు. అందుకే నేనే ఫోన్ చేస్తాను. "అయ్యో అమ్మా, ఎప్పుడో తగ్గింది, మీకు చెప్పుడే మరిచిపోయిన" అని నొచ్చుకుంటారు. నాకు కోపం రాదు. తగ్గిందన్న ఆ ఒక్క మాట వినడానికే కదా ఫోన్ చేసింది.