రంగుదిగే అంకప్ప

మా గుడియాత్తంలో కన్నవాళ్ళు పెట్టిన పేరు బారసాల రోజు వరకే. ఆ తరువాత బజారు పెట్టిందే పేరు. అంకప్పకు బజారు పెట్టిన పేరు 'రంగుదిగే అంకప్ప'. లుంగీలు నేసి బతికే ఊర్లో ఇంతకంటే పెద్ద తిట్టు లేదు. దొంగ అంటే ఓర్చుకుంటారు, తాగుబోతు అంటే నవ్వుకుంటారు. ఉతికితే రంగు దిగే గుడ్డ నేసినాడంటే మాత్రం ఎవరూ వాడి మగ్గానికి నూలు ఇవ్వరు.

అంకప్ప చేసిన తప్పు ఒకటే. లోకనాథం శెట్టి ఇచ్చిన ఎర్ర రంగు పొడి మంచిది కాదని ముందే చెప్పినాడు. చెప్పి ఊరకుండినాడా? శెట్టి అంగట్లో నలుగురి ముందర తడి బొటనవేలితో లుంగీని రుద్ది, ఎర్రబడిన వేలిని ఎత్తి చూపించినాడు. మూడు నెలలకు, సిలోనులో కొళంబుకు పోయిన లుంగీల మూట రంగు దిగిందని తిరిగి వచ్చింది. పొడి శెట్టిది, అద్దకం అంకప్పది. తప్పు ఎవరి మీద పడుతుందో చెప్పడానికి కాలేజీ చదువు అక్కరలేదు.

శెట్టి సామాన్యుడు కాదు. హైస్కూలు కమిటీకి అధ్యక్షుడు. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఆ యేడు పొద్దున తమిళుల సభకు, సాయంత్రం తెలుగువాళ్ళ సభకు ఒకే పూలమాల మెడలోంచి తీయకుండా పోయి అధ్యక్షత వహించినాడు. చిత్తూరు అటు ఆంధ్రలోకి పోయింది, మేము ఇటు మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయినాము, శెట్టి రెండు పక్కలా ఉన్నాడు.

మగ్గం ఆగిపోయిన అంకప్పకు నలభై యేండ్ల వయసులో బొమ్మల పిచ్చి పట్టింది. పిచ్చి అని ఊరు అన్నది, నేనూ అన్నాను. అసలు సంగతి ఏమంటే హైస్కూల్లో డ్రాయింగు మాస్టరు పని ఖాళీ అయింది. సర్కారు డ్రాయింగు పరీక్షలో నీటి రంగులు కూడా పాసయితే అర్జీ పెట్టుకోవచ్చునని హెడ్మాస్టరు అన్నాడట. అన్నవాడికి గుర్తుందో లేదో గాని, విన్నవాడు పట్టుకున్నాడు. అంకప్పకు జీతం మీద కన్నా 'మాస్టరు' అనే మాట మీద ఆశ. ఆ మాట ముందు నిలబడితే 'రంగుదిగే' అనే మాట పారిపోతుందని.

వేలూరు కాలేజీ వదిలేసి వచ్చి, మా నాయన ముఖం తప్పించుకుని తిరుగుతున్న నా దగ్గరికి ఒక పొద్దున అంకప్ప వచ్చినాడు. నా దగ్గర పాత పుస్తకాలవాడి దగ్గర కొన్న ఇంగ్లీషు డ్రాయింగు పుస్తకం ఉండేది. పేజీకి ఒక బేరిపండు. మా ఊళ్ళో బేరిపండు కంట చూసినవాడు లేడు.

"నాయనా, నువ్వు ఇంగ్లీషు చదివినోడివి గదా. ఇది చదివి చెప్పు."

"నేను చదివి వదిలేసినోణ్ణి అన్నా."

"వదిలేసినా నోట్లో కొంచెం మిగిలుంటాది. అది చాలు."

అతని నోట్లో మిగిలింది వేరే. ఊదా రంగు. అతని ఆస్తి ఒక కాపీయింగ్ పెన్సిల్, తపాలాఫీసులో రసీదులు రాసే రకం. పొడిగా గీస్తే బూడిద రంగు, తడి తగిలితే ఊదా సిరా. దాని మొన నాలుకకు తగిలించి ఇరవై యేండ్లు లుంగీల గళ్ళు గీసినాడు. ఎప్పుడు నోరు తెరిచినా నేరేడుపండ్లు తిన్నట్టే ఉంటుంది. ఇలాంటి నాలుకతో మాస్టరు అవుతాడంట అని నేను లోపల నవ్వుకున్నాను.

మొదటి పాఠం చదివినాను. కాగితాన్ని ముందు నీళ్ళతో తడపాలి. ఆ తడి మీద కుంచెతో రంగు తాకిస్తే అదే పారుతుంది. పారనియ్యాలి.

అంకప్ప నా ముఖం చూసినాడు. "పారనియ్యాలనా?"

"అవును. అదే అందం అంటాడు దొర."

"ఆ దొర లుంగీ అమ్మితే నువ్వు కొంటావా?"

మరుసటి రోజు కాగితం తెచ్చినాడు. అట్టలాగా నిలబడింది. పడుగుకు గంజి పెట్టినట్టు కాగితానికి గంజి పట్టించి, ఎండబెట్టి తెచ్చినాడు. రంగులో పటిక కలిపినాడు, పట్టుకుంటుందని. దాని మీద నీటి రంగు ఎలా పారుతుంది? చేమాకు మీది నీళ్ళలాగా ముత్యాలు ముత్యాలుగా నిలబడింది. ఆరిన తరువాత చేసిన పని చూసి నాకు కోపం వచ్చింది. బొటనవేలు తడి చేసి బొమ్మను రుద్దినాడు. లుంగీని రుద్దినట్టు. బేరిపండు చెంప మీద పెద్ద మచ్చ.

"చూడు, దిగుతా ఉండాది," అన్నాడు, రోగం కనిపెట్టిన డాక్టరులాగా.

"దిగకపోతే అది నీటి రంగు ఎట్లా అవుతాది? దీన్ని ఎవరన్నా ఉతుకుతారా?"

"ఉతకరు. అయినా దిగకూడదు."

నాలుగు నెలలు ఇదే. కొన్న రంగు బిళ్ళలు అయిపోతే బట్టలకు పెట్టే నీలిమందు, పసుపు, మిగిలిన అద్దకం పొడి. కాపీయింగ్ పెన్సిల్‌తో నీడలు గీసి తడి కుంచెతో ఒక్కసారి రాస్తే చెంబు వెనక ఊదా చీకటి లేచేది. అది బాగుండేది, ఒప్పుకుంటాను. కానీ ఆరిన ప్రతి బొమ్మ మీదా ఆ పాడు బొటనవేలు పడేది. అతని దగ్గర వేలిముద్ర లేని బొమ్మ ఒకటీ లేదు.

అతని పెండ్లాం అమ్మణి బీడీలు చుడుతూ మా పాఠం వినేది. "అప్పా, నీ శిష్యుడికి ఒకటి చెప్పు. ఇంట్లో పిల్లోళ్ళకు లేని గంజి కాగితం తాగుతా ఉండాది. అది ఎప్పుడు మాస్టరు అవుతాదో అడుగు."

"ఇదిగో, ఈ యేడే," అన్నాడు అంకప్ప.

"నాలుక కడుక్కోని పో అయితే."

పరీక్ష అర్జీలో మాతృభాష అనే గీత దగ్గర తెలుగు అని నా చేత రాయించి, కింద తమిళంలో సంతకం పెట్టినాడు. తెలుగు అక్షరం అతనికి రాదు. ఆ రోజుల్లో తెలుగు కోసం బజార్లో గొంతు చించుకున్నవాళ్ళలో సగం మందికి కూడా రాదు. వాళ్ళు సంతకమన్నా పెట్టలేదు, అరిచినారు అంతే.

పరీక్ష వేలూరులో, కోట దగ్గర ఒక స్కూల్లో. నేను తోడు పోయి వరండా కిటికీ దగ్గర నిలబడినాను. బల్ల మీద కడిగిన ఇత్తడి చెంబు, రెండు వంకాయలు, వాటి కింద ఎర్ర గళ్ళ లుంగీ. పదిహేను మంది చుట్టూ కూర్చున్నారు. అంకప్ప లుంగీని చూసినాడు. అంచు చూసినాడు. లేచి పోయి, బొటనవేలు నాలుకకు తగిలించి లుంగీ కొసను రుద్దినాడు.

"తొడక్కూడాదు, తొడక్కూడాదు," అంటూ ముట్టుకోవద్దని తమిళంలో కేక వేసినాడు ఏసుదాస్ సారు, ఆ హాలు చూసుకునే డ్రాయింగు మాస్టరు. అంకప్ప తిరిగి వచ్చి కూర్చున్నాడు. వేలు ఎర్రగా ఉంది. అది శెట్టి అంగడి లుంగీ.

చెంబు అడుగు ఎవరూ తుడవలేదు. అరగంటకు దాని చుట్టూ ఎర్రటి వలయం తెల్ల గళ్ళలోకి పాకింది. పద్నాలుగు మంది దాన్ని చూడనట్టే శుభ్రమైన గళ్ళు గీసుకున్నారు, స్కేలు పెట్టి. అంకప్ప మాత్రం కాగితాన్ని నీళ్ళతో తడిపినాడు. నాలుగు నెలలుగా నేను తల బాదుకున్నా చెయ్యని పని. చెంబు అడుగున ఎరుపు తాకించి, కుంచె ఎత్తి, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. రంగు పారింది. పారనిచ్చినాడు.

ఏసుదాస్ సారు వెనక వచ్చి నిలబడినాడు. "ఏందప్పా ఇది, మరకా? మరక ఎవరు వెయ్యమన్నారు?"

"ఉండాది గదా సార్."

"ఉంటే? మిగతావాళ్ళకు కనపడలేదా?"

"కనపడింది సార్. వాళ్ళు లుంగీ నేసినోళ్ళు కాదు."

బస్సు విరించిపురం దాటే వరకు నేను తిడుతూనే ఉన్నాను. శుభ్రంగా గళ్ళు గీసి రాక, పగ తీర్చుకోవడానికి పరీక్షే దొరికిందా అని. అతను కిటికీలోంచి పాలారు ఇసకను చూస్తూ, "ఆ తడి ఎట్ల పాకిందో చూసినావా నాయనా," అన్నాడు. తిట్లు దండగ.

పాసయినాడు. మద్రాసులో ఎక్కడో కాగితాలు దిద్దే బల్ల వెనక ఒకడికి కండ్లు ఉన్నాయనే మాట నాకు ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు.

ఇక పని ఇచ్చే హైస్కూలు కమిటీ. ముందు రోజు అంకప్పకు నూటొక్కసారి చెప్పినాను. "ఏమన్నా వేసి చూపించమంటే బేరిపండు వెయ్యి. వేరే ఏమీ వద్దు. పని నీది." సరే అన్నాడు.

శెట్టి సర్టిఫికెట్టును వెలుతురుకు ఎత్తి చూసినాడు, దొంగ నోటును చూసినట్టు. "సరే అంకప్పా. మా ముందర ఒకటి వేసి చూపించు. పిల్లోళ్ళ చదువు గదా, ఇక్కడ గూడా రంగు దిగిందని పేరు రాకూడదు."

కమిటీ అంతా నవ్వింది. నవ్వడానికే పెట్టుకున్న కమిటీ అది. అంకప్ప కాగితం తీసినాడు, పెన్సిల్ నాలుకకు తగిలించినాడు. బేరిపండు అని నేను గుమ్మం దగ్గర నుంచి పెదవులతో చెప్పినాను. అతను నా వైపు చూసినాడు కూడా. చూసి, వాళ్ళు తాగే నీళ్ళ చెంబును కూజా నీళ్ళతో తడిపి మేజా మధ్యలో పెట్టినాడు. మేజా మీద పరిచిన ఎర్ర గళ్ళ గుడ్డ శెట్టి స్కూలుకు చేసిన దానం. శెట్టి అంగడి సరుకే.

పావుగంట ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. చెంబు, నీడ, గళ్ళు, అడుగున పాకే ఎరుపు. బాగా వేస్తున్నాడని ఒకాయన అన్నాడు కూడా. శెట్టి బాగా చూడాలని మోచెయ్యి చెంబు పక్కన తడిసిన గుడ్డ మీద ఆనించి ముందుకు వంగినాడు. అంకప్ప కుంచె కింద పెట్టి, చెంబు ఎత్తినాడు. కాగితం మీద ఎట్లుందో గుడ్డ మీద అట్లే ఉంది.

"ఇది నా చేతిది," అన్నాడు కాగితం చూపించి. "అది మీ పొడిది శెట్టీ."

శెట్టి దిగ్గున లేచినాడు. తెల్ల జిబ్బా మోచేతి దగ్గర ఎర్రగా అయింది.

పని శెట్టి అక్క కొడుక్కు ఇచ్చినారు. వాడికి సర్టిఫికెట్టు లేదు, వస్తుందన్నారు. బేరిపండు బాగా వేస్తాడట. చేతికొచ్చిన పనిని కాలితో తన్నిన మూర్ఖుడని అంకప్పను ముఖం మీదే అన్నాను, ఇప్పుడూ అంటాను. అమ్మణి అంతకంటే ఎక్కువే అన్నది. కానీ ఆ జిబ్బా ఇల్లు చేరే లోపలే బజారు చూసేసింది. వారం తిరక్కుండా పాత పేరు మనిషి మారింది. మగ్గాలు నేసేవాళ్ళు 'రంగుదిగే శెట్టి' అంటున్నారు, ఆయన వినేలాగానే. ఇంకొక వ్యాపారి అంకప్ప ఇంటికి నూలు పంపినాడు.

నూలు వచ్చిన రోజు సాయంత్రం అంకప్ప మళ్ళీ మా ఇంటికి వచ్చినాడు, చంకలో కాగితాలతో. గంజి పెట్టని కాగితాలు.

"ఇంకేం పరీక్ష ఉండాది నీకు?" అన్నాను విసుగ్గా.

"ఏమీ లేదు. తరువాతి పేజీ చదువు నాయనా."

ఆ పేజీలో ఆకాశం ఉంది. చదివినాను. అతను కాగితం తడిపి, నీలిమందు తాకించి, ఆరే వరకు కూర్చున్నాడు. ఎప్పటిలాగే బొటనవేలు నాలుకకు తగిలించినాడు. అలవాటు. ఆ వేలిని కాసేపు చూసుకుని, పంచెకు తుడుచుకున్నాడు.